ఊపిరి లెక్కపెట్టిన ఇల్లు

జలుబు ముందు అన్నకి వచ్చింది. ఎల్కేజీ చదివే ఆ బుడతడు ఆదివారం పూట నాన్న బండి మీద ముందు కూర్చుని తెనాలి వచ్చాడు, అమ్మమ్మగారింట్లో ఉన్న చెల్లెల్ని చూడ్డానికి. ముక్కు కారుతోంది, అంతకుమించి ఏమీ లేదు. మధ్యాహ్నమంతా పాప పక్కనుంచి లేవలేదు. బుగ్గ మీద ముద్దు, చేతి మీద ముద్దు, అరికాలి మీద ముద్దు. చెల్లెలంటే ఎంత ప్రాణమో చూడండని అందరూ మురిసిపోయారు.

పాపకి మూడో నెల. తల్లి మా మేనకోడలు. సిజేరియన్ అయిన బాలింత, కుట్ల దగ్గర నొప్పి ఇంకా పూర్తిగా తగ్గలేదు. మంగళవారానికి పాపకి ముక్కు దిబ్బడ వేసింది. బుధవారం చిన్న దగ్గు. గురువారం సాయంత్రం రొమ్ము పట్టినట్టే పట్టి వదిలేయడం, ఏడవడం, మళ్లీ పట్టడం, మళ్లీ వదిలేయడం. నుదుటి మీద చెమట. చొక్కా విప్పి చూస్తే ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది.

"పక్కలెగరేస్తోందిరా తమ్ముడూ" అని మా అక్క ఫోన్ చేసింది. అప్పటికే ఎండుమిరపకాయలతో, రాళ్లుప్పుతో దిష్టి తీయడం, వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాయడం అయిపోయాయి. వీధిలో ఒకావిడ ముక్కులో రెండు చుక్కలు నువ్వుల నూనె వేయమందట. అది మాత్రం మేనకోడలు పడనివ్వలేదు. మంచి పని చేసింది. ముక్కులోనో గొంతులోనో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే అది ఇంకో రకం న్యుమోనియాకి దారి తీస్తుంది. జలుబు చేస్తే బ్రాందీ చుక్కలు పట్టించే ఇళ్లు కూడా మనకి కొత్త కాదు. 'మా పిల్లలందరికీ పట్టించాం, ఏమైంది?' అని అడుగుతారు. ఏమీ కానివాళ్ల ఇళ్లలోనే కదా ఆ మాట వినిపించేది.

ఊళ్లో డాక్టరుగారు పాప కాలికి చిన్న క్లిప్పు తగిలించారు. రక్తంలో ఆక్సిజన్ 88 శాతం చూపించింది. "ఇక్కడ వద్దు, వెంటనే గుంటూరు తీసుకెళ్లండి" అన్నారు. 108లో ఆక్సిజన్ పెట్టుకుని బయల్దేరారు.

"మందు లేకపోతే ఇంతదూరం ఎందుకొచ్చినట్టు?"

పిల్లల వార్డులో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి రెండు పక్కలా విన్నది. సన్నగా పిల్లికూతలు. "బ్రాంకియోలైటిస్ అమ్మా. వైరస్ వల్ల వస్తుంది. దీనికి ప్రత్యేకంగా మందంటూ లేదు. ఆక్సిజన్ పెడతాం, ట్యూబు ద్వారా పాలు పోస్తాం, కనిపెట్టుకుని ఉంటాం" అంది.

అక్క ముఖం మాడిపోయింది. "మందు లేకపోతే ఇంతదూరం ఎందుకొచ్చినట్టు?"

అన్ని ఊళ్లలో, అన్ని పిల్లల వార్డుల్లో అమ్మమ్మలూ నాయనమ్మలూ అడిగే ప్రశ్నే ఇది. జబ్బంటే ఇంజెక్షన్, సెలైన్, చీటీ నిండా మందులు ఉండాలని మనకి అలవాటైపోయింది. ఈ జబ్బు తీరు వేరు. రెండేళ్ల లోపు పిల్లలకి, అందులోనూ మొదటి ఏడాదిలో ఎక్కువగా వస్తుంది. చాలాసార్లు దీనికి మూలం ఆర్ఎస్‌వీ అనే వైరస్. 1956లో అమెరికాలో ప్రయోగశాల చింపాంజీలకి జలుబు చేస్తే అందులో దీన్ని మొదటిసారి కనిపెట్టారు. ఆ తర్వాత కొద్ది కాలానికే పసిపిల్లల్లోనూ దొరికింది. రెండో పుట్టినరోజు వచ్చేలోపు దాదాపు ప్రతి బిడ్డకీ ఒకసారైనా ఇది సోకుతుంది. పెద్దవాళ్లలో, బడి పిల్లల్లో చాలామందికి మామూలు జలుబులా వచ్చి పోతుంది.

మూడు నెలల పిల్లకి అలా పోకపోవడానికి కారణం గొట్టాల కొలత. ఊపిరితిత్తుల చివర ఉండే గాలిగొట్టాలు ఆ వయసులో సన్నటి దారాల్లాంటివి. వైరస్ చేరగానే వాటి లోపలి పొర వాస్తుంది, చీమిడి చేరుతుంది, చచ్చిన కణాలు పేరుకుంటాయి. గొట్టం వ్యాసం సగానికి తగ్గితే గాలికి అడ్డు రెండింతలు కాదు, సుమారు 16 రెట్లు పెరుగుతుంది. పెద్దవాళ్ల గొట్టంలో లెక్కలోకి రాని వాపు పసివాళ్ల గొట్టాన్ని దాదాపు మూసేస్తుంది. గాలి లాగడానికే ఒంట్లో శక్తంతా ఖర్చవుతుంటే పాలు తాగడానికి ఓపిక ఎక్కడిది?

యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. మరి నెబ్యులైజర్? పక్క మంచం పిల్లకి పెట్టారు, మనకెందుకు పెట్టరని మా వాళ్లు రెండుసార్లు అడిగారు. పక్క మంచం పిల్లది ఉబ్బసం, వయసు నాలుగేళ్లు. బ్రాంకియోలైటిస్‌లో నెబ్యులైజర్‌తో ఇచ్చే సాల్బుటమాల్ గానీ స్టెరాయిడ్లు గానీ వాడొద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే తన మార్గదర్శకాల్లో రాసింది. వాపు దానంతటదే తగ్గాలి. తగ్గేదాకా బిడ్డకి గాలి, నీరు, పాలు అందేలా చూడాలి. చేసే వైద్యం అదే. బంధువుల ఒత్తిడికి లొంగి నాలుగు మందులు రాసిచ్చే డాక్టరుకన్నా, ఏమీ రాయకుండా రాత్రంతా మూడుసార్లు వచ్చి చూసి వెళ్లిన ఈ అమ్మాయే నాకు పెద్ద డాక్టరుగా కనిపించింది.

చేర్పించాక ఎక్కువైంది

రెండో రాత్రి పాపకి ఆయాసం పెరిగింది. ముక్కు దగ్గర పెట్టిన మామూలు ఆక్సిజన్ చాలక, వేడిచేసి తేమ కలిపిన గాలిని వేగంగా పంపే హైఫ్లో మిషన్‌కి మార్చారు. అల్లుడు గాభరా పడ్డాడు. "వచ్చినప్పుడే నయం. ఇక్కడికి తెచ్చాకే ఎక్కువైంది. విజయవాడ తీసుకెళ్లిపోదాం మావయ్యా" అని నాకు ఫోను. కుటుంబం వాట్సాప్ గ్రూపులో అప్పటికే మూడు ఆసుపత్రుల పేర్లు, ఒక హోమియో డాక్టరు నంబరు, ఒక తావీదు ఫొటో వచ్చి పడ్డాయి.

జబ్బు నడక తెలిస్తే ఆ గాభరా చాలావరకు తగ్గేది. మొదటి రెండు రోజులు ఉత్త జలుబు. మూడు నుంచి అయిదు రోజుల మధ్య ఆయాసం పతాక స్థాయికి చేరుతుంది. ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. పిల్లల్ని ఆసుపత్రికి తెచ్చేది సాధారణంగా మూడో రోజున కాబట్టి, చేర్పించాక ఒకటి రెండు రోజులు ఎక్కువవడం ఈ జబ్బులో మామూలే. ఆ సమయంలో బిడ్డని ఆక్సిజన్ నుంచి తప్పించి ఇంకో ఊరికి మోసుకెళ్లడమే అసలు ప్రమాదం. ఈ మాట చేర్చుకునేటప్పుడే తండ్రిని కూర్చోబెట్టి చెబితే సగం గొడవలు ఉండవు. మన ఆసుపత్రుల్లో చీటీలు రాయడానికి మనిషి ఉంటాడు, ఇలా విడమరిచి చెప్పడానికి ఉండడు.

మంచం పక్కన మానిటరు ఉంది. పాప కాలికి చుట్టిన ఎర్రదీపం తీగ నుంచి దానికి అంకె వస్తుంది. 93. 91. 94. కాలు తన్నితే తీగ జారిపోయి కుయ్యోమని మోత. ఇంట్లో వాళ్లంతా పాపని చూడ్డం మానేసి ఆ అంకెనే చూడ్డం మొదలుపెట్టారు. జపాన్ ఇంజినీరు టకువో అవొయాగి 1970లలో రూపం ఇచ్చిన పరికరం ఇది. సూది గుచ్చకుండా, రక్తం తీయకుండా ఆక్సిజన్ కొలుస్తుంది. లోకంలో ఎందరు పిల్లల ప్రాణాలు నిలబెట్టిందో లెక్కే లేదు. నిద్రపోయే బిడ్డలో అంకె కాసేపు ఒకటి రెండు మెట్లు దిగి ఎక్కడం సహజం. నర్సు ఆ సంగతి చెప్పి, "అంకెని కాదమ్మా, పాప పొట్ట చూడు, ఎంత తేలిగ్గా లేస్తోందో చూడు" అని తెర కాస్త పక్కకి తిప్పింది. మేనకోడలు ఆ రాత్రి మొదటిసారి గంటసేపు కన్ను మూసింది.

పాలు ఇంకో యుద్ధం. ఊపిరి అంత వేగంగా ఉన్న బిడ్డకి నోటితో పడితే పాలు గాలిగొట్టంలోకి పోవచ్చు. అందుకని ముక్కు నుంచి పొట్టలోకి సన్నటి ట్యూబు వేశారు. తల్లి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తెర చాటున, స్టీలు గిన్నెలోకి పాలు పిండాలి. రెండు గంటలకోసారి నర్సు వాటిని సిరంజిలో పోసి ఎత్తి పట్టుకుంటుంది. పాలు వాటంతటవే దిగుతాయి. బిడ్డ నోరు పెట్టకపోతే, నిద్ర లేకపోతే, బెంగ పెట్టుకుంటే పాలు తగ్గుతాయి. తగ్గాయని ఇంకా బెంగ. పాల తడితో జాకెట్టు అట్టకట్టేది ఒక రోజు, చుక్క రానిది ఇంకో రోజు. అక్క తెనాలి నుంచి వెల్లుల్లి కారం అన్నం క్యారేజీ కట్టుకొచ్చి, నాలుగు ముద్దలు తినేదాకా ఎదురుగా నిలబడేది. పుస్తకాల్లో ఇది చికిత్స కింద రాయరు. రాయాల్సిన పనే.

బుడగల సీసా

కిటికీ పక్క మంచం మీద ఇంకా చిన్న బిడ్డ. పల్నాడు వైపు పల్లె నుంచి వచ్చిన తల్లి. ఆ బిడ్డ ముక్కు గొట్టం రెండో కొస ఒక నీళ్ల సీసాలో మునిగి ఉంది. ఊపిరి వదిలినప్పుడల్లా బుడబుడమని బుడగలు. బబుల్ సీప్యాప్ అంటారు. నీటి లోతు కొద్దీ ఎదురొత్తిడి వచ్చి, ముడుచుకుపోయే గాలితిత్తుల్ని తెరిచి ఉంచుతుంది. ఈ సూత్రాన్నే ఢాకాలో మొహమ్మద్ జోబాయెర్ చిస్తీ అనే వైద్యుడు వాడి పారేసే షాంపూ సీసాతో చేసి చూపించారు. 2015లో ఆయన బృందం ప్రచురించిన పరిశోధనలో, తీవ్ర న్యుమోనియాతో ఆక్సిజన్ పడిపోయిన పిల్లల్లో, మామూలు ఆక్సిజన్ ఇచ్చినవాళ్లలో 15 శాతం చనిపోతే, సీసా పద్ధతిలో 4 శాతం చనిపోయారు. ఖరీదైన యంత్రం కొనలేని ఆసుపత్రులకి ఇంతకన్నా మంచి వార్త ఏముంటుంది?

ఆ పల్లె తల్లీ మా మేనకోడలూ నాలుగు రోజుల్లో అక్కచెల్లెళ్లయిపోయారు. ఒకరు బాత్రూంకి వెళ్తే ఇంకొకరు రెండు మంచాలూ చూసేవారు. "మీ పాప ఇందాక నవ్విందక్కా నిద్దట్లో" అని ఆమె చెబితే మేనకోడలు ఏడ్చేసింది.

లోపల ఒక్కరే ఉండాలి, పాస్ ఒక్కటే. అల్లుడు రాత్రిళ్లు వరండాలో చాప మీద, పగలు ఫార్మసీకీ ల్యాబుకీ మధ్య. సేల్స్ ఉద్యోగం, నెలాఖరు టార్గెట్లు. మేనేజరు ఫోను వస్తే మెట్ల కిందకి వెళ్లి మాట్లాడేవాడు. తల్లి ఏడిస్తే ఓదార్చేవాళ్లున్నారు. తండ్రిని అందరూ అడిగేది ఒకటే: "డబ్బు సర్దుబాటైందా?" అతను తిన్నాడా అని అడిగినవాళ్లు తక్కువ.

"నావల్లేనంట"

అందరికన్నా నన్ను కలవరపెట్టింది పెద్దవాడు. వాణ్ని నాయనమ్మ దగ్గర ఉంచారు. వచ్చినవాళ్లంతా వాడి బుగ్గ గిల్లి, "నువ్వేగా చెల్లెలికి అంటించావు, దొంగవెధవా" అని నవ్వేవారు. పెద్దవాళ్లకి అది సరదా. వాడు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు వీడియో కాల్‌లో అమ్మని చూసి, చెయ్యి అడ్డం పెట్టుకుని నోరు మూసుకున్నాడు. ఎందుకురా అంటే, "నేను ఊపిరి వదిల్తే చెల్లికి జ్వరం వస్తుందంట" అన్నాడు. వైరస్ గాల్లో తిరుగుతుంది, చేతుల మీద కాసేపు, మంచాల కమ్మీల మీద గంటల తరబడి ఉంటుంది. నాన్న తెచ్చి ఉండొచ్చు, చూడ్డానికి వచ్చిన పక్కింటావిడ తెచ్చి ఉండొచ్చు. నాలుగేళ్ల పిల్లాడి నెత్తిన ఈ బరువు పెట్టే హక్కు ఎవరికీ లేదు. పాప ఇంటికొచ్చిన రోజున తల్లి చేసిన మొదటి పని వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, చేతులు కడిగించి, చెల్లెలి పాదం వాడి చేతిలో పెట్టడం.

అవును, పాప ఇంటికొచ్చింది. ఆరో రోజు నుంచి ఆక్సిజన్ తగ్గిస్తూ వచ్చారు, తర్వాత తీసేశారు, రొమ్ము పట్టింది, పంపేశారు. దగ్గు మాత్రం ఇంకో రెండు మూడు వారాలు ఉంటుందని చెప్పారు, ఉంది. అందరి కథా ఇలా ముగియదు. 2019లో ఆర్ఎస్‌వీ వల్ల అయిదేళ్ల లోపు పిల్లలు ప్రపంచంలో సుమారు 36 లక్షల మంది ఆసుపత్రుల్లో చేరారనీ, లక్ష మందికి పైగా చనిపోయారనీ అంచనా. ఆ చావుల్లో 95 శాతానికి మించి మనలాంటి పేద, మధ్యాదాయ దేశాల్లోవే.

2023 నుంచి అమెరికాలో గర్భిణులకి ఆర్ఎస్‌వీ టీకా, పసిపిల్లలకి ఒక్క డోసు యాంటీబాడీ ఇంజెక్షన్ అందుబాటులోకి వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో రెండింటినీ అన్ని దేశాలకీ సిఫారసు చేసింది. మన జాతీయ టీకాల పట్టికలోకి అవి వచ్చేదాకా మన చేతిలో ఉన్నవి చేద్దాం. తల్లిపాలు మానిపించకండి. ఆరు వారాలకి, 14 వారాలకి, తొమ్మిదో నెలలో ఇచ్చే న్యుమోకోకల్ టీకా తప్పించకండి. అది ఆర్ఎస్‌వీని ఆపదు గానీ ఇంకో పెద్ద న్యుమోనియాని ఆపుతుంది. పసిబిడ్డకి స్నానం కాగానే పట్టే సాంబ్రాణి పొగ, గదిలో వెలిగించే దోమల చుట్ట, గడపలో కాల్చే బీడీ మానండి.

బిడ్డకి జలుబు చేస్తే, నిద్రపోతుండగా చొక్కా ఎత్తి పూర్తి ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకి 60, రెండు నుంచి పన్నెండు నెలల బిడ్డకి 50, ఆపై అయిదేళ్ల దాకా 40 వచ్చినా, దాటినా డాక్టరుకి చూపించాలి. పక్కలెగరేస్తున్నా, పాలు పట్టకపోయినా, పెదాలు నీలంగా మారినా, లేపితే లేవకుండా మగతగా ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఇక బంధువులకి, స్నేహితులకి ఒక విన్నపం. మీకు జలుబుంటే పసిబిడ్డ ఉన్న ఇంటికి వెళ్లకండి, అది మొహమాటపడే విషయం కాదు. బిడ్డ ఆసుపత్రిలో ఉంటే బత్తాయిలతో వార్డులోకి బారులు తీరకండి. గేటు దగ్గర తండ్రిని కలవండి, అతనికి అన్నం పెట్టండి, ఒక రాత్రి వరండాలో అతని చాప మీద మీరు పడుకుని అతన్ని ఇంటికి పంపండి. పెద్దపిల్లాణ్ని రెండు రోజులు మీ ఇంటికి తీసుకెళ్లండి.