రోజ్‌గార్ హమీ పనికి పోకపోతే కార్డు పోతుందా? చట్టంలో ఉన్న శిక్ష ఎంత, లేనిది ఎంత

సంక్రాంతి దాటగానే సిరొంచ తాలూకా నుంచి చాలా కుటుంబాలు గోదావరి దాటి మిరపకాయ ఏరడానికి తెలంగాణకు పోతాయి. వచ్చేసరికి ఇప్పపువ్వు, ఆ వెనుకే తునికాకు. ఈ నడుమ గ్రామ పంచాయతీలో రోజ్‌గార్ హమీ పని మొదలైతే, పోనివాళ్లకు ఒక భయం పట్టుకుంటుంది. పనికి రాలేదు కాబట్టి కార్డు కొట్టేస్తారని, ఇక పని ఇవ్వరని, రేషన్ కూడా ఆపుతారని. ఈ మూడింటిలో ఒక్కటీ చట్టంలో లేదు. చట్టంలో ఉన్న శిక్ష వేరే. అది చిన్నదే, కానీ తెలియకపోతే డబ్బు పోతుంది.

2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న 200 జిల్లాల్లో మొదలైంది. ప్రారంభించింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆ మొదటి 200లో మన గడ్చిరోలి కూడా ఉంది. నిజానికి మహారాష్ట్రకు ఇది కొత్త కాదు. 1972 కరువు కాలంలోనే ఇక్కడ రోజ్‌గార్ హమీ మొదలై, 1977లో చట్టమై, 1979 జనవరి 26 నుంచి అమలైంది. ఆ ఖర్చు కోసమే ముంబైలో జీతగాళ్ల దగ్గర ప్రొఫెషనల్ టాక్సు వసూలు చేయడం మొదలుపెట్టారు. అవతలి ఒడ్డున ఉపాధి హామీ అన్నా, కరువు పని అన్నా, ఇవతల హమీ అన్నా చట్టం ఒక్కటే.

ఇక శిక్ష సంగతి. చట్టంలోని 9వ సెక్షన్ మూడు సందర్భాలు చెబుతుంది. అడిగిన పని ఇస్తే ఒప్పుకోకపోవడం ఒకటి. పనికి రమ్మని తెలిపిన తర్వాత 15 దినాల్లో హాజరు కాకపోవడం రెండోది. పనిలో చేరి, అనుమతి లేకుండా వరుసగా వారం కంటే ఎక్కువ మానేయడం, లేదా ఏ నెలలోనైనా మొత్తం వారం కంటే ఎక్కువ గైర్హాజరు కావడం మూడోది. వీటిలో ఏది జరిగినా ఆ దరఖాస్తుదారు మూడు నెలలపాటు నిరుద్యోగ భత్యం అడగడానికి వీలుండదు. అంతే. అదే వాక్యం చివర, పని మాత్రం ఎప్పుడైనా అడగవచ్చని కూడా రాసి ఉంది. ఈ రెండో సగాన్ని ఊళ్లో ఎవరూ చదివి వినిపించరు.

అసలు ఈ భత్యం ఏమిటో తెలిస్తేనే పోయేది ఎంతో తెలుస్తుంది. పని అడిగిన 15 దినాల్లో పని ఇవ్వకపోతే ప్రభుత్వం ఊరికే కూర్చోబెట్టినందుకు డబ్బు ఇవ్వాలి. మొదటి 30 దినాలకు కూలి రేటులో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత కనీసం సగం. 2025-26కు మహారాష్ట్ర రేటు దినానికి 312 రూపాయలు (తెలంగాణలో 307). నాలుగో వంతు అంటే 78 రూపాయలు. 30 దినాలకు 2,340. తర్వాత దినానికి 156. శిక్ష పడితే మూడు నెలలపాటు మీరు వదులుకునేది ఈ హక్కునే.

ఈ భత్యం చేతికి రావడం అరుదు. ఎందుకంటే పని అడిగినట్టు మన చేతిలో కాగితం ఉండదు. నోటితో అడిగింది లెక్కలోకి రాదు. నమునా 4 నింపి ఇవ్వాలి, తేదీ వేసిన పోచ్ పావతీ తీసుకోవాలి. గ్రామ రోజ్‌గార్ సేవక్ రేపు ఇస్తానంటే ఆ రేపు నుంచే 15 దినాల లెక్క మొదలవుతుందని గుర్తుంచుకోండి.

పని ఇచ్చామని చెప్పే బాధ్యత అటువైపు వాళ్లది. జాబ్ కార్డులోని చిరునామాకు ఉత్తరం పంపాలి, పంచాయతీ ఆఫీసు దగ్గర నోటీసు అతికించాలి. నోటీసు మరాఠీలో ఉంటుంది. మన ఇళ్లలో పిల్లలకు మరాఠీ చదువు వచ్చింది గానీ పెద్దలకు చాలామందికి రాదు. బడికి పోయే పిల్లతో వారానికి ఒకసారి చదివించుకోవడం మంచిది. ఉత్తరమూ నోటీసూ లేకుండా రాలేదు అని రాసుకుంటే, తెలిపింది ఎప్పుడు, ఎలా అని అడగండి.

మిరప కాలంలో ఊళ్లో ఉండమని తెలిసినప్పుడు ఆ రోజులకు పని అడగకపోవడమే తెలివి. అడగకుంటే తప్పు లేదు, జరిమానా లేదు. ఇది అడిగినవాళ్లకు ఇచ్చే హామీ, వెట్టి కాదు. పనిలో ఉండగా తునికాకు వస్తే, వారం దాటేలోగా పని నడిపే ఏజెన్సీకి రాసిచ్చి అనుమతి తీసుకోండి. ఇంకో సంగతి. 2023 జనవరి 1 నుంచి హాజరు మొబైల్ ఆప్‌లో ఫోటోతో వేస్తున్నారు. సిగ్నల్ దొరకని ఊళ్లలో పని చేసిన మనిషి కూడా గైర్హాజరుగా పడవచ్చు. అలా పడితే ఆ రోజే చెప్పి రాయించుకోవాలి, నెలాఖరుకు చెబితే ఎవరూ వినరు.

కార్డు సంగతి వేరు. చట్టం రెండో షెడ్యూలు ప్రకారం జాబ్ కార్డు రద్దుకు రెండే కారణాలు: అది డూప్లికేట్ అయి ఉండాలి, లేదా కుటుంబం మొత్తం శాశ్వతంగా ఊరు వదిలి పోయి ఉండాలి. రెండు నెలలు మిరపకు పోవడం వలస కావచ్చు, శాశ్వతం కాదు. అయినా ఆన్‌లైన్‌లో పేర్లు తీసేసేటప్పుడు పని చేయడానికి ఇష్టపడలేదు అనే కారణం కూడా రాస్తూ వచ్చారు. పార్లమెంటులో ఇచ్చిన జవాబుల్లోనే అది కనిపిస్తుంది. ఇష్టం లేదని మీరు చెప్పారా, గ్రామసభలో ఎవరైనా అడిగారా? లేకపోతే తహసీల్దారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మహారాష్ట్రలో ఈ పథకానికి తాలూకా కార్యక్రమ అధికారి ఆయనే. ఫిర్యాదును రిజిస్టరులో ఎక్కించి, తన పరిధిలోనిదైతే ఏడు దినాల్లో తేల్చాలని 23వ సెక్షన్ చెబుతుంది.

శిక్ష అటువైపు కూడా ఉంది. చట్టాన్ని ఉల్లంఘించినవారికి 25వ సెక్షన్ కింద 1,000 రూపాయల వరకు జరిమానా. కూలి 15 దినాల్లో పడకపోతే, 16వ దినం నుంచి బాకీ మీద దినానికి 0.05 శాతం పరిహారం. 2,000 బాకీకి దినానికి ఒక్క రూపాయి. చూడండి, కూలీకి మూడు నెలల భత్యం, ఆలస్యం చేసినవారికి రూపాయి!

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో వీబీ-జీ రామ్ జీ అనే కొత్త చట్టాన్ని ఆమోదించింది. అందులో ఏడాదికి 125 దినాల పని, వ్యవసాయ పనుల కాలంలో మొత్తం 60 దినాల వరకు పని ఆపే వీలు ఉన్నాయి. ఆ 60 దినాలు ఏవో రాష్ట్రం ప్రకటించాలి. మన తాలూకాలో వరి నాట్లు, కోతల లెక్కన ప్రకటిస్తారా, మనవాళ్లు గోదావరి అవతల ఉండే మిరప నెలలను చూస్తారా అన్నది గ్రామసభలో ముందే లేవనెత్తి, తీర్మానంలో రాయించాల్సిన విషయం.