చిన్నరాజ్యములు - సేనాబలము

చిన్నరాజ్యమునకు సేన యెంత యనుటకంటె, ఆ సేన యెవరి దనుటయే ముఖ్యమని మా యభిప్రాయము. స్విట్జర్లాండులో స్థిరసైన్యము స్వల్పము. శిక్షణ పొందిన పౌరులే దానికి మూలబలము. ఇందుకు విరుద్ధమైన దృష్టాంతమునకై నందివెలుగు, తెనాలి పాఠకులు దూరము పోనక్కఱలేదు. కృష్ణ కావలనుండిన నైజాము రాజ్యమునకు ఎద్రూస్ సేనాపతిగా క్రమసైన్య ముండెను. దాని ప్రక్కనే కాశిం రజ్వీ రజాకారులు ప్రజలను పీడించుచుండిరి. ప్రభుత్వము వారి నదుపు చేయలేదు. 1948 సెప్టెంబరు 13న భారతసేనలు ప్రవేశించెను. 17న నైజాము కాల్పుల విరమణను ప్రకటించెను. 18న ఎద్రూస్ జనరల్ చౌధురికి లొంగిపోయెను. భారతసేన బలాధికమగుట నిజమే. అయినను, ప్రజాసామాన్యము తమదని తలంపని రాజ్యమును ఫిరంగు లెంతకాలము నిలుపగలవు? ఆయుధములకంటె ముందు ప్రజావిశ్వాసమును కూర్చుకొనుటయే చిన్నరాజ్యమునకు తొలి రక్షణము.