హాల్లో కన్న కల

మా ఇంట్లో నన్ను ఆటపట్టించాలంటే ఒకటే మాట: "వీడు హాల్లో కలగన్నాడు!"

1969లో, నాకు పదేళ్లప్పుడు, అన్నయ్యతో బరంపురంలో మ్యాటినీకి వెళ్లాను. అసలు సినిమాకు ముందు న్యూస్‌రీలో, డాక్యుమెంటరీయో వేసేవారు, మీకూ గుర్తుండే ఉంటుంది. వరదలు, ఆనకట్టలు, మంత్రిగారు రిబ్బను కత్తిరించడం. ఆ రోజు మాత్రం తెరకు పిచ్చెక్కింది. ఊగిపోతూ డాన్సుచేసే కుర్రకారు, అంతలో ప్రయోగశాల, అంతలో దేవుడి బొమ్మలు. అన్నీ రెప్పపాటులో మారిపోతున్నాయి. వ్యాఖ్యానం లేదు. సంగీతమా, రేడియోలో స్టేషను దొరకనప్పుడు వచ్చే కూతల్లా ఉంది. మిషను పాడైందనుకుని జనం ఈలలు వేశారు.

ఇంటికొచ్చి చెబితే నాన్నగారు నమ్మలేదు. అన్నయ్యను అడిగారు. "అలాంటిదేం లేదండీ, వీడు నిద్రపోయాడు" అన్నాడు. అంతే, కేసు కొట్టేశారు. కొన్నాళ్లకు నాకే అనుమానం వచ్చింది, నిజంగా నిద్రపోయానేమోనని.

పోయిన దసరా సెలవులకు వచ్చిన మనవడికి ఈ కథ చెప్పాను. వాడు ఊరుకోక యూట్యూబులో వెతికి, "తాతా, ఇదేనా?" అని చూపించాడు. అదే! పేరు 'ఎక్స్‌ప్లోరర్', 1968లో ఫిల్మ్స్ డివిజన్ తీసింది. దర్శకుడు ప్రమోద్ పతి మన ఒరియా వాడే. చెకోస్లొవేకియాలో యిర్జీ త్రింకా దగ్గర బొమ్మల సినిమా నేర్చుకుని వచ్చాడు. 1975లో, నిండా నలభై అయిదేళ్లు కూడా రాకుండానే పోయాడు. ఆ కూతల సంగీతం కట్టింది రవిశంకర్ శిష్యుడైన వేణువిద్వాంసుడు విజయరాఘవరావు! సర్కారు డబ్బుతో ఇంత అల్లరి చేయనిచ్చిన రోజులుండేవన్నమాట. (ఆ ఫిల్మ్స్ డివిజన్ను 2022లో ఎన్.ఎఫ్.డి.సి.లో కలిపేశారు.)

విజయనగరంలో ఉంటున్న అన్నయ్యకు పంపించాను. రాత్రి ఫోను చేశాడు. కాసేపు మాట్లాడలేదు.

"ఒరే, ఇది వేసినప్పుడు నేను లోపల లేనురా. సిగరెట్టు కాల్చుకోడానికి బయటికెళ్లాను. నాన్నగారితో ఆ మాట చెప్పగలనా?"

నాన్నగారు పోయి ముప్ఫయ్యేళ్లు దాటింది. ఇప్పుడు ఎవరికి చెప్పి కేసు తిరగదోడను? నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

"ఇంతకీ ఆ రోజు అసలు సినిమా ఏదిరా?" అన్నాడు అన్నయ్య.

ఇద్దరికీ గుర్తు రాలేదు.