మీకు తెలుసా? నొప్పిని పంటి బిగువున భరించనక్కర్లేదు

● యాకుత్‌పురాలో ఎంఎంటీఎస్ ఎక్కి, మలక్‌పేటలో దిగి మెట్రో పట్టుకుంటే ఆరో స్టేషన్ లక్డీకాపూల్. ఆ పక్కనే రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రి. పాతబస్తీలో ఎవరింట్లో ఈ జబ్బు బయటపడ్డా ముందు వినిపించే పేరు అదే. ఆ మూడు అక్షరాల వెనకున్న మనిషి మెహదీ నవాజ్ జంగ్. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా చేశారు, 1960లో గుజరాత్ ఏర్పడినప్పుడు దానికి తొలి గవర్నర్ అయ్యారు. ఆస్పత్రి 1955 నాటిది.

● అక్కడ గడ్డ సంగతి చూసే డాక్టర్లతో పాటు నొప్పి సంగతి చూసే డాక్టర్లూ ఉన్నారు. ఈ విభాగాన్ని నిలబెట్టినవారిలో డాక్టర్ గాయత్రీ పాలాట్ పేరు ముందు చెప్పుకోవాలి. ఈ నొప్పి వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. ఆ మాట వినగానే ఇంట్లోవాళ్లు డీలా పడిపోతారు, 'అయితే ఇక ఆశ లేనట్టేనా?' అని. అది అపోహ. అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల కేన్సర్ ఉన్న 151 మంది మీద జరిగిన పరిశోధన ఒకటి 2010లో వచ్చింది. మామూలు చికిత్స మాత్రమే అందినవాళ్లు మధ్యస్థంగా 8.9 నెలలు బతికితే, మొదటి నుంచే దానితో పాటు పాలియేటివ్ కేర్ కూడా అందినవాళ్లు 11.6 నెలలు బతికారు. దిగులు, కుంగుబాటు కూడా వీళ్లలో తక్కువ. చివరి రోజుల కోసం దాచిపెట్టుకోవాల్సిన వైద్యం కాదిది. కీమోతో పాటే మొదలుపెట్టొచ్చు.

● తీవ్రమైన కేన్సర్ నొప్పికి వాడే మార్ఫిన్ నల్లమందు నుంచి వస్తుంది. అందుకే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దాన్ని ఎంత గట్టిగా బిగించిందంటే, నొప్పితో అల్లాడేవాడికి కూడా దొరకడం గగనమైపోయింది. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రకం లైసెన్సులు, ఒక్కో రకం కాగితాలు. 2014లో చట్టాన్ని సవరించి, మార్ఫిన్ లాంటి నొప్పి మందుల్ని 'అత్యావశ్యక మాదక ఔషధాలు'గా వేరు చేసి దేశమంతటికీ ఒకే నిబంధనలు తెచ్చారు. చట్టం మారింది గానీ మన భయం మారలేదు. 'అలవాటైపోతుందేమో' అని మాత్ర దాచేసే కొడుకులున్నారు, 'కొంచెమే ఉంది నాయనా' అని నొప్పిని మింగేసే తల్లులున్నారు. డాక్టర్ పర్యవేక్షణలో కేన్సర్ నొప్పికి వాడేవాళ్లు వ్యసనపరులు కావడం అరుదు. మందు నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి వేళకు వేసుకోవాలి. మామూలు మాత్ర నాలుగు గంటలకొకటి. మార్ఫిన్‌తో మలబద్ధకం దాదాపు ఖాయం కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా జతగా రాస్తారు. దాన్ని మానేసి, 'మార్ఫిన్ పడలేదు' అని రెండూ పక్కన పడేసేవాళ్లూ ఉన్నారు.

● నొప్పికి మార్కులు వేస్తారు. 'సున్నా నుంచి పది దాకా ఎంత?' అని అడుగుతారు. అంకెల్లో చెప్పలేని వాళ్లకు, పిల్లలకు, నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా బొమ్మలు చూపిస్తారు. ఏడు అనిపిస్తే ఏడే చెప్పండి. మొహమాటపడి మూడు అంటే మూడుకు తగ్గ మందే వస్తుంది.

● ఇక యాకుత్‌పురా గల్లీల్లో ఏటా ఎదురయ్యే ప్రశ్న: రంజాన్. కీమో నడుస్తోంది, రోజా (ఉపవాసం) ఉండొచ్చా? రోగులకు రోజా నుంచి మినహాయింపు ఖురానే ఇచ్చింది. కోలుకున్నాక ఆ రోజాలు పూర్తి చేసుకోవచ్చు, కోలుకునే జబ్బు కాకపోతే ఫిద్యాగా పేదలకు అన్నం పెట్టవచ్చు. అయినా చాలామందికి మనసొప్పదు, డాక్టరుకు చెప్పకుండానే ఉంటారు. ఇక్కడే ప్రమాదం. సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందులకు ఒంట్లో నీళ్లు చాలకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి. నాలుగు గంటల మార్ఫిన్ పగలంతా ఆపితే ఇఫ్తార్ దాకా నరకమే. కానీ పన్నెండు గంటలు పనిచేసే మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి. డాక్టర్ సరేనంటే తెల్లవారుజామున సహరీకి ఒకటి, సాయంత్రం ఇఫ్తార్‌కు ఒకటిగా సర్దుకోవచ్చు. వాటిని నలగ్గొట్టకూడదు, నమలకూడదు. డాక్టర్ దగ్గర ఈ విషయం దాచడం భక్తి అనిపించుకోదని నా అభిప్రాయం. మసీదులో ఇమామ్‌ను అడిగినా ప్రాణం ముందంటారు.

● జర్దా, గుట్కా నమిలిన నోరు కేన్సర్ చికిత్సకు ముందే బిగుసుకుపోయి ఉండొచ్చు. దాని మీద కరెంటు పెడితే, అంటే రేడియేషన్ ఇస్తే, దవడ ఇంకా పట్టేస్తుంది. మామూలుగా మనిషి నోట్లో తన మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. 35 మిల్లీమీటర్ల కంటే తక్కువ తెరుచుకుంటే దవడ పట్టేసినట్టే. దానికి ఫిజియోథెరపీలో వాడే సామాను ఏమిటో తెలుసా? ఐస్‌క్రీం పుల్లలు! పళ్ల మధ్య పట్టినన్ని పెట్టి, కొంతసేపు అలాగే ఉంచి, రోజులు గడిచేకొద్దీ ఒక్కో పుల్ల పెంచుతారు. రూపాయల్లో అయిపోయే వైద్యం. కాకపోతే రోజుకు చాలాసార్లు, నెలల తరబడి చేయాలి. కరెంటు మొదలుకాక ముందే పళ్ల డాక్టర్‌కు చూపించుకోవాలి. తర్వాత పన్ను పీకితే దవడ ఎముక మానకపోవచ్చు. ఏళ్ల తర్వాత పంటి నొప్పితో వెళ్లినా 'నాకు రేడియేషన్ ఇచ్చారు' అని ముందే చెప్పాలి.

● నమలలేని వాళ్లకు పాతబస్తీలోనే మంచి తిండి ఉంది. హలీమ్! గోధుమ, పప్పు, మాంసం మెత్తగా ఉడికి ఉంటాయి, మాంసకృత్తులు పుష్కలం. మిరియం, మిర్చి, పైన వేయించిన ఉల్లిపాయ మానేసి ఇంట్లో వండి వేడిగా పెట్టండి. కీమోలో ఉన్నవాళ్లకు రోడ్డు మీద తెరిచి ఉంచిన డేగ్ నుంచి తెచ్చింది వద్దు.

● కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అది మామూలు జ్వరం కాదు. తెల్ల రక్తకణాలు పడిపోయి ఉండొచ్చు. పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దాంలే అనుకోవద్దు, అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

● కేన్సర్ అంటుకోదు. కంచం, గ్లాసు వేరు చేయనక్కర్లేదు. బయటి నుంచి యంత్రంతో కరెంటు పెట్టించుకున్నవాళ్ల ఒంట్లో రేడియేషన్ మిగలదు, ఇంటికొచ్చి మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ తాగినవాళ్లు మాత్రం కొన్నాళ్లు దూరం పాటించాలి.

● చికిత్స అయ్యాక నెలలు గడిచినా కొందరికి నీరసంతో ఒళ్లు కదలదు. దానికి విశ్రాంతి కంటే నడక ఎక్కువ మేలు చేస్తుంది. వారానికి మూడుసార్లు అరగంట చాలు.

● ఊళ్ల నుంచి వచ్చి యాకుత్‌పురాలో చుట్టాలింట్లో ఉండి చికిత్స చేయించుకునేవాళ్లకు రైల్లో రాయితీ ఉంది. ఆస్పత్రి సర్టిఫికెట్ చూపితే స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో రోగికి టికెట్ పూర్తిగా ఉచితం. తోడు వచ్చే ఒకరికి ఆ తరగతుల్లో 75 శాతం తగ్గుతుంది. ఇక చికిత్స ఖర్చు సంగతికొస్తే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పథకం పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది.

● వైద్యంతో నయం కాని దశలో నగరంలో స్పర్శ్ హాస్పిస్ ఉంది. రోటరీ క్లబ్ ఆఫ్ బంజారాహిల్స్ ట్రస్టు 2011లో మొదలుపెట్టింది. మంచం, మందు, తిండి అన్నీ ఉచితం.

● రోగితో పాటు నలిగిపోయేది పక్కనున్న మనిషి, మన ఇళ్లలో చాలాసార్లు కూతురో కోడలో. వాళ్ల నిద్ర, తిండి ఎవరికీ పట్టవు. మనసు మరీ బరువైతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఎప్పుడైనా చేయొచ్చు, డబ్బు తీసుకోరు.

ఈసారి ఓపీకి వెళ్లినప్పుడు చీటీ రాసే డాక్టరునే అడగండి, 'పెయిన్ క్లినిక్ ఎక్కడ?' అని. అడగనిదే ఎవరూ చెప్పకపోవచ్చు.