లేజర్ కాంతి మంచిదే.. మరి మెడ మీది బస్తా సంగతేంది?

వడ్ల సీజన్ల సుల్తానాబాద్ దిక్కు వస్తే రాజీవ్ రహదారి పొంటి లారీలే లారీలు. కొనుగోలు కేంద్రంల కాంటా పెట్టే వడ్ల సంచి 40 కిలోలు. రైస్‌మిల్లుల నింపే బియ్యం బస్తా 50 కిలోలు. లారీ ఎక్కాలన్నా దిగాలన్నా ఆ బరువంతా మోసేది హమాలీల మెడలే.

మొన్న చాయ్ హోటల్ కాడ ఒక హమాలీ అన్న అడిగిండు. "తమ్మీ, మెడకు లేజర్ లైటు పెడితే నొప్పి పోతదంట. పది మాట్ల రమ్మన్నరు. నిజమేనా, పైసలు గుంజుడా?"

ఈ ప్రశ్న ఆయన ఒక్కనిదే కాదు. చాట ఒళ్లె పెట్టుకొని పొద్దంతా తలొంచి బీడీలు చుట్టే మన అవ్వలది, అక్కలది. రాత్రి పన్నెండు దాక ఫోన్ల మొకం పెట్టే మీది కూడా. అందుకే తెలిసినంత వివరంగ చెప్త.

ముందుగాల నొప్పి ఏందో చూద్దాం. మెడ ఎనుకకెల్లి భుజం దాక పెద్ద కండరం ఒకటి ఉంటది. గంటలకు గంటలు బరువు మోసినా, తల వంచినా అది బిగుసుకపోతది. ఒత్తి చూస్తే గడ్డ లెక్క తగులుతది, నొప్పి తలకు ఎక్కుతది. మూడు నెలలు దాటినా తగ్గకపోతే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటరు.

లేజర్ అంటే కోసేది, కాల్చేది అనుకుంటం. ఇది అది కాదు. దీని పవర్ చాలా తక్కువ, చర్మం కాలదు. 1967ల హంగేరీ డాక్టర్ ఎండ్రె మెస్టర్ ఎలుకల మీద లేజర్ పరీక్ష చేస్తుంటే, వెంట్రుకలు గొరిగిన కాడ తొందరగ మొలిచినయట. అక్కడికెల్లి ఈ వైద్యం మొదలైంది. ఎర్ర కాంతి, లేకపోతే కంటికి కనపడని పరారుణ కాంతి చర్మం దాటి లోపలికి పోతది. మన కణాలల్ల శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ఆ కాంతిని పట్టుకుంటదని, దాంతోని వాపు తగ్గుతదని, నొప్పి మోసే నరాల జోరు తగ్గుతదని శాస్త్రవేత్తలు చెప్తరు.

మరి పనిచేస్తదా? 2009ల లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికల ఆస్ట్రేలియా డాక్టర్ రొబెర్టా చౌ, ఆమె తోటోళ్లు 16 పరీక్షలు, 820 మంది రోగుల లెక్కలు ఒక్క కాడికి తెచ్చిండ్రు. నొప్పిని 100 గీతల స్కేలు మీద కొలిస్తే, ఉత్తుత్తి లేజర్ పెట్టినోళ్ల కంటె అసలు లేజర్ పెట్టినోళ్లకు 20 గీతల దాక ఎక్కువ తగ్గింది. దీర్ఘకాలిక నొప్పి ఉన్నోళ్లకు వైద్యం అయినంక 22 వారాల దాక కూడా ఆ సుఖం కనపడ్డది. పెద్దగ చెడు ఏం కాలే.

అంటే ఉత్త మోసం కాదు. కానీ 20 గీతలు తగ్గుడంటే నొప్పి మొత్తం మాయమైనట్టు కాదు. ఆ పరీక్షలల్ల చానా మటుకు చిన్నయే. ఒక్కొక్కరు ఒక్కో రకం కాంతి, ఒక్కో మోతాదు వాడిండ్రు. మోతాదు తప్పితే పని చేయదు. కాబట్టి "గ్యారంటీగ పోతది, మొత్తం పైసలు ముందే కట్టు" అంటే అక్కడ ఆగుండ్రి.

పోయేటోళ్లు నాలుగు ముచ్చట్లు అడగాలె. పెట్టేటాయన చదువుకున్న ఫిజియోథెరపిస్టేనా? ఇది అసలు లేజరేనా, ఉత్త వేడి లైటా? కండ్లకు అద్దాలు ఇస్తరా? లేజర్ తోని పాటు కసరత్తు నేర్పుతరా? కసరత్తు లేని లేజర్ ఒంటెద్దు బండి. గదువ మెల్లగ ఎనుకకు గుంజుడు, భుజాలు తిప్పుడు, మెడ కండరాలకు బలం పెంచుడు.. ఇవి నేర్చుకున్నంక ఇంట్ల పైస ఖర్చు లేకుంట చేసుకోవచ్చు. క్యాన్సర్ ఉన్నోళ్లు, గర్భిణులు ముందే చెప్పాలె. గొంతు ముంగట థైరాయిడ్ మీద పెట్టనియ్యొద్దు.

చేతులు తిమ్మిర్లెక్కినా, చేతుల పట్టు తప్పినా, నడక తడబడ్డా, జ్వరంతోని మెడ పట్టేసినా, కింద పడ్డంక నొప్పి లేచినా లేజర్ కోసం చూడొద్దు. సీదా పెద్ద దవాఖానకు పోవాలె.

ఇంకో మాట. మనోళ్లు చానామంది చేసేది లేజర్ కాదు, సూది. పొద్దుగాల ఒక నొప్పి గోలీ, మాపటికి ఒక సూది, తెల్లారి మళ్లా బస్తా. డైక్లోఫెనాక్ లాంటి మందులు డాక్టర్‌ను అడగకుంట ఏండ్లకేండ్లు వాడితే కడుపుల పుండ్లయితయి, కిడ్నీలు ఖరాబైతయి. మెడ కోసం కిడ్నీ ఇచ్చుడు ఏం బేరం?

ఆ అన్నకు నేను ఇదే చెప్పిన. ఆయన నవ్వి, "పది మాట్లు పోతే పది పూటల కూలి పోతది తమ్మీ" అన్నడు. అసలు రోగం గా మాటల్నే ఉంది. లేజర్ తోని తగ్గిన మెడ మీద తెల్లారి మళ్లా అదే 50 కిలోల బస్తా పడితే ఏమైతది? మనిషికి దెబ్బయ్యేంత బరువు మోయించొద్దని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ల రాసిండ్రు. రాసి డెబ్బై ఏండ్లు దాటింది, బస్తా మాత్రం మెడ మీదికెల్లి దిగలే.

మిల్లులల్ల బస్తా మోసే బెల్టులు, తోపుడు బండ్లు రావాలె. సంచి బరువు తగ్గాలె. మండల దవాఖానల ఫిజియోథెరపిస్టు కూసోవాలె, అదీ కూలి పోకుంట సాయంత్రం పూట. మీ ఊరి గ్రామసభల ఈ మాట లేవట్టుండ్రి. అప్పటిదాక ఇంట్ల అవ్వనో నాయిననో "మెడ గుంజుతుంది" అంటే గోలీ తెచ్చిచ్చి ఊకోకుండ్రి. పక్కన కూసొని ఆ కసరత్తు మీరూ చెయ్యుండ్రి. ఫోన్ పక్కకు పెట్టినందుకు మీ మెడకూ మంచిదే.