రేటింగ్ మెయిల్ తెరిచే ముందు పది శ్వాసలు

వైరాగ్యం అనగానే మనకు కాషాయం, హిమాలయాలు గుర్తొస్తాయి. నెలనెలా ఈఎంఐ కట్టేవాడికి ఆ మాటతో పనేంటి అనిపిస్తుంది. కానీ అప్రైజల్ నెలలో మా సాఫ్ట్‌వేర్ వాళ్లని చూడండి. ఏడాది కష్టం ఒక రేటింగ్‌గా మారి మెయిల్‌లో వస్తుంది. అది వచ్చేదాకా నిద్ర పట్టదు. వచ్చాక, పక్కవాడికి ఎంతొచ్చిందో తెలిసేదాకా పట్టదు!

మనసు నిలవడానికి పతంజలి యోగసూత్రాలు అభ్యాసం, వైరాగ్యం రెండిటినీ కలిపే చెప్తాయి. నాకర్థమైంది ఇదీ: పని రోజూ చెయ్యాలి, ఫలితాన్ని మాత్రం పట్టుకుని వేలాడకూడదు.

మరి ఫలితం పట్టనివాడు అన్యాయం జరిగినా నోరు మూసుకుని ఉండాలా? దీనికి జవాబు మా నెల్లూరు తీరంలోనే దొరికింది. మైపాడు బీచ్ ఉన్న ఇందుకూరుపేట మండలంలోనే, పెన్న ఒడ్డున పల్లెపాడు ఉంది. అక్కడి పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. దానికి స్థలం ఇచ్చింది పొణకా కనకమ్మ. ఇచ్చేసి ఇంట్లో కూర్చోలేదామె. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. స్వాతంత్ర్య ఉద్యమంలో జైలుకీ వెళ్లారు. గాంధీజీ గీతకు చేసిన గుజరాతీ అనువాదం పేరు ‘అనాసక్తి యోగం’. అది వెలువడిందీ, ఆయన ఉప్పు సత్యాగ్రహానికి నడిచిందీ ఒకే ఏడాది, 1930లో. అంటే ఆశ వదిలినవాళ్లే గట్టిగా పోరాడారన్నమాట.

అంత పెద్ద వదులుకోవడం మనవల్ల అవుతుందా? చిన్నదాంతో, ఊపిరితో మొదలెట్టొచ్చు. మైపాడు ఇసుకలో కూర్చుని నేను చేసేది ఇంతే. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం. నిమిషానికి సుమారు ఆరు శ్వాసలు వస్తాయి. పీల్చినప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. అందుకే వదిలే శ్వాస పొడవుగా ఉంటే ఒళ్లు నెమ్మదిస్తుంది. బలవంతంగా బిగపట్టొద్దు. తల తిరిగితే ఆపేయండి.

అలలు కూడా లెక్కకి తోడొస్తాయి గానీ, ఇది ఆఫీసు కుర్చీలోనూ కుదురుతుంది. పది శ్వాసల తర్వాత మెయిల్‌లో అంకె మారదు. తక్కువొస్తే కారణం అడగాల్సిందే, అవసరమైతే వేరే ఉద్యోగం చూసుకోవాల్సిందే. కాకపోతే ఆ మాట అడిగేటప్పుడు గొంతు వణకదు.