చిన్న కొయ్య లేతుకు ఏ చక్ మేలు?

కర్మాగారములో లోహపు లేతుతో ఏళ్ల తరబడి పనిచేసిన చేతులు విశ్రాంత జీవితంలో కొయ్య లేతును కోరుకొనుట సహజము. వడ్రంగులు 'తరిమెన' అని పిలిచే సాధనమునకు ఇది నేటి రూపము. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, ఒరిపిడి వేడికి కరిగే లక్కను అద్ది చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ స్ఫూర్తితో లేతు కొనదలచిన మిత్రులు మమ్ములను తరచుగా అడిగే ప్రశ్న చక్ గురించియే.

కొయ్య లేతుకు వాడే స్వయంకేంద్రక చక్‌లో నాలుగు దవడలుండును. సర్పిలాకారపు గాడి గల స్క్రోల్ పళ్లెము తిరిగినపుడు నాలుగు దవడలును సమానముగా కదులును. ఆ పళ్లెమును త్రిప్పే విధమును బట్టి చక్‌లు ప్రధానముగా రెండు రకములు. మొదటి దానిలో పళ్ల చక్రమును తాళపు చెవితో త్రిప్పుదుము. రెండవ దానిలో రెండు లీవర్లుండును. ఒకటి చక్ దేహమును కదలకుండ ఆపగా, రెండవది పళ్లెమును త్రిప్పును.

లీవర్ చక్‌లో పళ్ల చక్రములు లేవు. కావున అది తేలిక, పొట్టి, వెల తక్కువ. చక్ పొట్టిదైన కొలది బరువు స్పిండిల్ బేరింగులకు దగ్గరగా ఉండును. వ్రేలాడు భారము తగ్గును. చిన్న మోటారు గల లేతుకు ఇది లెక్కింపదగిన లాభమే. లోపము వేరొకటి ఉన్నది. రెండు చేతులును లీవర్లపై నుండగా కొయ్యను పట్టుకొనువారెవరు? తాళపు చెవి చక్‌లో ఈ చిక్కు లేదు. ఒక చేత కొయ్య, మరొక చేత చెవి.

లీవర్ చక్ తీసుకొన్నవారు మొదట పళ్లెమును చేతితోనే త్రిప్పి దవడలను కొయ్యకు ఆనించవలెను. టెయిల్‌స్టాక్‌ను ముందుకు జరిపి కొయ్యను అదిమి నిలుపవలెను. పిదప లీవర్లతో బిగించవలెను. కొవ్వొత్తి స్తంభములు, చిన్న గిన్నెలు, బొమ్మలు చేయువారికి ఈ పద్ధతి చాలును. గిన్నెలను పదేపదే తీసి బిగించువారు, మణికట్టు నొప్పి గలవారు తాళపు చెవి రకమునకే అదనపు ధర చెల్లించుట మేలు.

కొనుటకు ముందు స్పిండిల్ మరలను కొలువుడు. 1 అంగుళము వ్యాసమునకు అంగుళానికి 8 మరలు, 33 మి.మీ. వ్యాసమునకు 3.5 మి.మీ. మర దూరము, ఈ రెండును విరివిగా కనిపించును. చిన్న లేతులలో ముప్పాతిక అంగుళము, 16 మరలు కూడ కలవు. సరిపడని చక్ కొని అడాప్టరు తగిలించినచో వ్రేలాడు పొడవు పెరిగి, పొట్టి చక్ వలని లాభము పోవును.

పట్టు దవడలదే కాదు, కొయ్యది కూడ. దవడలు పట్టుకొనుటకు కొయ్య అడుగున వదలిన టెనన్ కొస దవడల మధ్య అడుగుకు తగులరాదు. దాని భుజము దవడల పైఅంచులపై ఆనవలెను. దవడలు పూర్ణ వృత్తమునకు దగ్గరగా ఉన్నపుడు పట్టు దృఢము. పచ్చి కొయ్య ఆరుచు కుంచించుకొనును గనుక నడుమ నడుమ మరల బిగించవలెను.

ఈ జాగ్రత్త ఎందుకో ఒక లెక్క చెప్పును. 200 మి.మీ. గిన్నె నిమిషానికి 1000 చుట్లు తిరిగినపుడు దాని అంచు వేగము సెకనుకు సుమారు 10.5 మీటర్లు, అనగా గంటకు 38 కిలోమీటర్లు. పట్టు జారిన కొయ్య ఆ వేగముతోనే మన ముఖము వైపు రాగలదు. లీవరును చక్‌లోనే మరచి స్విచ్ వేసిన ఫలితము వేరుగ చెప్పనక్కరలేదు. కావున లీవర్లకు గోడపై ఒక స్థానము నిర్ణయించి, రెండును అచట ఉన్నవని చూచిన పిమ్మటనే స్విచ్ తాకవలెను. ముఖ కవచము ధరించవలెను, పొడుగు చేతుల చొక్కా విడువవలెను, మొదటి క్షణమున కొయ్య తిరిగే వరుస నుండి ప్రక్కకు నిలువవలెను.

కర్మాగారములో పాటించిన భద్రతా నియమములను ఇంటి వసారాలోను పాటించవలెనని మా మనవి.